చర్చిలు, బడులు కట్టిన ప్రాంతీయ ఆర్కిటెక్టు కృషిని గ్రంథస్థం చేయడం ఎలా?

జీవితమంతా ఒకే ప్రాంతంలో చర్చిలు, బడులు కట్టిన ఆర్కిటెక్టు గురించి రాయదలచినవారు జీవిత విశేషాల జోలికి పోకముందే కట్టడాల జాబితా తయారుచేసుకోవాలి. ప్లాను గీసిన సంవత్సరం, శంకుస్థాపన జరిగిన సంవత్సరం, ప్రారంభోత్సవం జరిగిన సంవత్సరం వేర్వేరుగా రాసుకోవాలి. శిలాఫలకాన్నే నమ్ముకుంటే జాబితా తప్పుల తడక అవుతుంది. దాతల పేర్లు చెక్కినచోట ఆర్కిటెక్టు పేరు తరచుగా ఉండదు.

అసలైన ఆధారాలు డబ్బు నడిచిన దారిలో దొరుకుతాయి. ఇంగ్లండులో 1811లో ఏర్పడిన నేషనల్ సొసైటీ బడులకూ, 1818లో ఏర్పడిన ఇన్‌కార్పొరేటెడ్ చర్చ్ బిల్డింగ్ సొసైటీ చర్చిలకూ గ్రాంటులిచ్చేవి. ఈ రెండో సంస్థకు చేరిన దరఖాస్తులు, ప్లానులు ఇప్పుడు లండన్‌లోని లాంబెత్ ప్యాలెస్ గ్రంథాలయంలో ఉన్నాయి. చర్చి కట్టించిన పెద్దలే తరువాత బడి పనినీ అదే ఆర్కిటెక్టుకు అప్పగించడం పరిపాటి కనుక, స్థానిక కమిటీల మినిట్సు పుస్తకాలను ఓపికగా చదవాలి.

ప్లాను చేతికి వచ్చినప్పుడు ముందుగా దాని మూలలను చూడాలి. అక్కడ రాసిన ఆఫీసు చిరునామా, ఆర్కిటెక్టు ఎప్పుడెప్పుడు ఎక్కడ ఉన్నాడో తెలిసినవారికి, తేదీ లేని ప్లాను కాలాన్ని కూడా పట్టిస్తుంది. ఒప్పందపు ప్లాను అయితే దానిపై కాంట్రాక్టరు సంతకం కూడా ఉండవచ్చు.

భాగస్వామ్య సంస్థల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. లాంకాస్టర్‌లో ఎడ్మండ్ షార్ప్ 1835లో మొదలుపెట్టిన సంస్థలో పేలీ 1845లో భాగస్వామి అయ్యాడు, ఆస్టిన్ 1868లో చేరాడు. ఇలాంటిచోట సంస్థ పేరుతో ఉన్న ప్రతి కట్టడాన్నీ ఒకే వ్యక్తికి అంటగట్టడం అన్యాయం. పత్రం రుజువు చేసినదాన్నీ, శైలిని బట్టి ఊహించినదాన్నీ జాబితాలో విడివిడిగా చూపాలి.

చర్చిలకు ఇచ్చినంత శ్రద్ధ బడులకూ ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం. బడులు త్వరగా మార్పులకు గురవుతాయి, కూల్చివేతకూ గురవుతాయి. వాటిని వదిలేస్తే ఆ మనిషి కృషిలో సగం కనుమరుగవుతుంది. నిలిచి ఉన్న బడిలో కిటికీల పక్క గోడలను దగ్గరగా పరిశీలించాలి. గోడలో ఎత్తున ఉన్న కిటికీని తరువాతి కాలంలో కిందికి పెంచి ఉంటే, ఆ కింది భాగంలో కోసిన ఇటుకల అంచులు పైభాగపు నునుపైన అంచులతో కలవవు. కూల్చేసిన బడి ఆనవాళ్లకోసం పాత సర్వే పటాలతోపాటు ప్రధానోపాధ్యాయుల దినచర్య పుస్తకాలను కూడా వెతకాలి. ఇంగ్లండులో 1862 నాటి నిబంధనల మేరకు ప్రభుత్వ గ్రాంటు పొందే బడులు ఈ దినచర్య పుస్తకాలను రాయవలసి వచ్చింది. పిల్లలు కొత్త గదుల్లోకి మారిన రోజు చాలాసార్లు వాటిలోనే కనిపిస్తుంది.