క్రెడిట్ కార్డు బీమాపై ఫిర్యాదును బ్యాంకు తిరస్కరిస్తే: సమస్య - పరిష్కారం

నెలనెలా వచ్చే క్రెడిట్ కార్డు స్టేట్‌మెంటులో మీరు కోరని బీమా తాలూకు ప్రీమియం, దాని కిందే జీఎస్టీ పడుతున్నాయి. ఫోన్‌లో అమ్మిన వ్యక్తి అది ఉచితమని చెప్పి ఉండవచ్చు, లేదా కార్డు కొనసాగాలంటే తప్పనిసరి అని నమ్మబలికి ఉండవచ్చు. మీరు ఫిర్యాదు చేశారు. మీ సమ్మతితోనే పాలసీ ఇచ్చాం గనుక డబ్బు వాపసు కుదరదని జవాబు వచ్చింది. ఆ జవాబు అందుకున్నవారి కోసమే ఇది రాస్తున్నాను. ప్రీమియం పడిన స్టేట్‌మెంట్లన్నీ దించుకుని పెట్టుకున్నారనీ, వివాదం పేరుతో కార్డు బాకీ కట్టడం ఆపలేదనీ అనుకుంటున్నాను. ఆపి ఉంటే ముందు కట్టేయండి. కట్టినంత మాత్రాన వాపసు అడిగే హక్కు పోదు. కట్టకపోతే మాత్రం వడ్డీ పెరగడం, సిబిల్ స్కోరు తగ్గడం రెండూ మీరే భరించవలసి వస్తుంది.

ముందు ఆ జవాబును చదవండి

తిరస్కరించారని చెప్పి నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది తమకు వచ్చిన జవాబును చివరిదాకా చదివి ఉండరు. అందులో రెండు విషయాలు చూడాలి. మొదటిది, దాన్ని పంపింది ఎవరు. కస్టమర్ కేర్ నుంచి వచ్చిన మెసేజీ, ‘మీ టికెట్ క్లోజ్ అయింది’ అన్న ఈమెయిలు బ్యాంకు తుది నిర్ణయం కావు. పెద్ద బ్యాంకులూ, కార్డులిచ్చే పెద్ద ఎన్‌బిఎఫ్‌సీలూ (బ్యాంకులు కాని ఆర్థిక సంస్థలు) ఒక ఫిర్యాదును పూర్తిగా గానీ, కొంత గానీ తిరస్కరించదలిస్తే, ఆ నిర్ణయాన్ని ముందుగా తమ ఇంటర్నల్ అంబుడ్స్‌మన్ (తిరస్కరించబోయే ఫిర్యాదులను మరోసారి చూసేందుకు సంస్థలోనే ఉండే అధికారి) పరిశీలనకు పంపాలనీ, పరిశీలన జరిగిందని జవాబులో రాయాలనీ రిజర్వు బ్యాంకు నియమం ఉంది. మీ జవాబులో ఆ మాటే లేకపోతే, మీ ఫిర్యాదు అక్కడిదాకా వెళ్లలేదని అనుమానించాలి. ఇంటర్నల్ అంబుడ్స్‌మన్‌కు ఖాతాదారు నేరుగా రాయలేరు. ఫిర్యాదుల పరిష్కార అధికారికి లేదా నోడల్ అధికారికి రాసి, తిరస్కరించేటట్లయితే ఆ పరిశీలన జరిపించమని అడగాలి. వారి పేర్లూ చిరునామాలూ బ్యాంకు వెబ్‌సైట్‌లో ఉంటాయి.

రెండవది, ఆ జవాబు మీ ఏ మాటకు సమాధానంగా వచ్చింది అన్నది. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది కాబట్టి దీన్ని విడిగా చెబుతాను.

కనిపించని కారణం: మీరు ఫిర్యాదు చేయలేదు, రద్దు కోరారు

ప్రీమియం పడిందని చూడగానే ఎవరైనా కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి, ‘ఈ ఇన్సూరెన్స్ నాకు వద్దు, తీసేయండి’ అంటారు. అవతలివారు మర్యాదగా, ‘సరే సార్, క్యాన్సిల్ చేస్తున్నాను’ అని ఒక నంబరు ఇస్తారు. అది సర్వీస్ రిక్వెస్ట్ నంబరు, ఫిర్యాదు నంబరు కాదు. కొన్నాళ్లకు ‘మీ అభ్యర్థన మేరకు పాలసీ రద్దు చేశాం’ అని మెసేజీ వస్తుంది. బ్యాంకు రికార్డులో ఇక ఉన్నది ఇంతే: ఖాతాదారు ఒక పాలసీ తీసుకున్నారు, కొంతకాలం దాని రక్షణ పొందారు, తర్వాత వద్దనుకున్నారు, కోరినట్టే రద్దు చేశాం. అమ్మకంలో మోసం జరిగిందని మీరు ఫోన్‌లో ఎంత గట్టిగా చెప్పినా, ఆ రికార్డులో దాని ఊసు ఉండదు.

ఆ తర్వాత మీరు పాత డబ్బు అడుగుతారు. రద్దయిన పాలసీకి గడిచిన కాలపు ప్రీమియం వాపసు రాదని బ్యాంకు చెబుతుంది. రద్దు నియమాల ప్రకారం చూస్తే ఆ మాట తప్పు కూడా కాదు. మీరు కోపంతో, బ్యాంకులపై ఫిర్యాదులను విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళితే, అక్కడ రెండింటిలో ఒకటి జరుగుతుంది. తప్పుడు అమ్మకం గురించి బ్యాంకుకు ముందుగా లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయలేదు గనుక ఇది విచారణకు రాదని మూసేస్తారు. లేదా బ్యాంకు ఆ రద్దు మెసేజీనే చూపించి, ఖాతాదారు కోరినది చేసేశామని జవాబిస్తుంది. గెలవవలసిన ఫిర్యాదులు ఇలా పోవడం నేను ఎన్నోసార్లు చూశాను. ఒక విశ్రాంత ఉపాధ్యాయుడికి ఉద్యోగం పోతే కార్డు బాకీ తీర్చే బీమాను అంటగట్టారు. ఉద్యోగమే లేని మనిషికి ఉద్యోగ నష్టపు బీమా అమ్మడం కన్నా తేటతెల్లమైన తప్పు ఏముంటుంది? అయినా ఆయన రాసిన మూడు ఈమెయిళ్లలోనూ ‘దయచేసి రద్దు చేయగలరు’ అన్న మాటే ఉంది. తాను పదవీ విరమణ చేశానన్న సంగతి ఒక్కదానిలోనూ లేదు.

దీనికి పరిష్కారం కొత్త ఫిర్యాదు. పాత ఈమెయిలుకు జవాబుగా కాకుండా, విడిగా, ‘తప్పుదారి పట్టించి అమ్మిన బీమాపై ఫిర్యాదు’ అన్న శీర్షికతో రాయాలి. మొదటి ప్రీమియం ఏ తేదీన పడింది, ఎవరు ఏ మార్గంలో అమ్మారు, ఏం చెప్పారు, ఏం దాచారు, ఆ పాలసీ మీకు ఎందుకు పనికిరాదు అన్నవి వరుసగా ఉండాలి. వయసు, ఉద్యోగ స్థితి, ముందునుంచీ ఉన్న జబ్బు లాంటి కారణాల వల్ల ఆ పాలసీ కింద మీకు క్లెయిము వచ్చే అవకాశమే లేకపోతే, ఆ సంగతిని పాలసీ షరతు సంఖ్యతో సహా రాయండి. తర్వాత ఈ వాక్యం తప్పకుండా చేర్చండి: ‘ఇంతకుముందు నేను పాలసీ రద్దు కోరడం ఇకపై ప్రీమియం పడకుండా ఆపడానికే, అది ఈ వివాదానికి పరిష్కారంగా నేను ఒప్పుకున్నట్టు కాదు.’

ఏం కావాలో అంకెలతో అడగాలి. ‘నా డబ్బు నాకు ఇప్పించండి’ అని రాస్తే ఒక నెల ప్రీమియం జమచేసి పరిష్కరించామని చెప్పే వీలుంటుంది. నెలవారీగా ప్రీమియం, దానిపై జీఎస్టీ, మీరు బిల్లు పూర్తిగా కట్టని నెలల్లో ఆ ప్రీమియంపై పడిన వడ్డీ వేర్వేరుగా రాసి మొత్తం ఎంతో లెక్కకట్టి చూపండి. ఈ వడ్డీని చాలామంది వదిలేస్తారు. ప్రీమియం కార్డు బాకీలోనే కలుస్తుంది కాబట్టి, బాకీ మోసుకువచ్చే వారికి దాని మీద కూడా నెలకు మూడు, మూడున్నర శాతం చొప్పున పడుతూ వచ్చి ఉంటుంది. రెండు మూడేళ్లలో అది చిన్న మొత్తం కాదు. మీరు అడగకపోతే బ్యాంకు తానుగా ఆ లెక్క తీయదు.

ఫిర్యాదు నంబరు తీసుకున్నాక 30 రోజులు ఆగాలి. మధ్యలో కస్టమర్ కేర్ నుంచి ఫోన్ వచ్చి ‘క్లోజ్ చేయమంటారా’ అని అడిగితే ఒప్పుకోవద్దు. లిఖితపూర్వకంగా జవాబు పంపమని మాత్రమే చెప్పండి.

‘మీ సమ్మతి రికార్డు మా దగ్గర ఉంది’ అంటే

ఉంటే చూపించమనండి. రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్ 21న ఇచ్చి, అదే ఏడాది జూలై 1 నుంచి అమలుచేసిన క్రెడిట్ కార్డు మార్గదర్శకాల ప్రకారం, బీమా సంస్థతో కలిసి కార్డుదారులకు బీమా ఇచ్చేటప్పుడు లిఖితపూర్వకంగా గానీ డిజిటల్ పద్ధతిలో గానీ స్పష్టమైన సమ్మతి తీసుకోవాలి. దానితో పాటు నామినీ వివరాలు కూడా తీసుకోవాలి. బిల్లును కార్డుదారు ప్రశ్నిస్తే 30 రోజుల్లోపు వివరణ ఇవ్వాలనీ, అవసరమైన చోట పత్ర రూపంలో ఆధారం చూపాలనీ అవే మార్గదర్శకాలు చెబుతున్నాయి. కాబట్టి కాల్ రికార్డింగు, ఓటీపీ పంపిన సమయం, ఆ ఓటీపీ మెసేజీలో ఉన్న పూర్తి వాక్యం మీ ఫిర్యాదులోనే అడగండి. మీరు ఓటీపీ చెప్పిన మాట నిజమే కావచ్చు. కానీ ఆ మెసేజీలో ‘కార్డు లిమిట్ పెంపు కోసం’ అని ఉంటే, అది లిమిట్ పెంపుకు ఇచ్చిన సమ్మతి అవుతుందే గాని బీమాకు ఇచ్చినది కాదు.

నామినీ గడిని నేను ప్రతిసారీ మొదట చూస్తాను. మీ పేరున ఇచ్చిన బీమా సర్టిఫికెట్టు తెరిచి, నామినీ అన్నచోట ఏముందో చదవండి. ఖాళీగా ఉందా, ‘చట్టబద్ధ వారసులు’ అని ఉందా, మీ భార్య లేదా భర్త పేరు సరైన వయసుతో ఉందా? తన మరణానంతరం బాకీ తీరాలని తెలిసి బీమా తీసుకున్న మనిషి నామినీ పేరు చెప్పకుండా ఉండరు. గడి ఖాళీగా ఉంటే, మిమ్మల్ని ఆ ప్రశ్నే అడగలేదనడానికి అది మంచి ఆధారం. సర్టిఫికెట్టులోని ఆ పేజీని ఫిర్యాదుకు జతచేయండి. సర్టిఫికెట్టు ఎన్నడూ అందకపోతే, ఏ తేదీన ఏ చిరునామాకు పంపారో రుజువు అడగండి.

‘ఫ్రీ లుక్ గడువు దాటింది’ అంటే

ఫ్రీ లుక్ అనేది కారణం చెప్పనక్కరలేకుండా పాలసీని వెనక్కి ఇచ్చే వెసులుబాటు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 నిబంధనల ప్రకారం జీవిత, ఆరోగ్య పాలసీలకు అది 30 రోజులు, అదీ పత్రం మీకు అందిన నాటి నుంచి. మీరు కారణం చూపి, అమ్మకమే తప్పని ఫిర్యాదు చేస్తున్నారు. దానికి ఈ గడువు అడ్డు రాదు. ఈ రెండింటినీ కలిపి మాట్లాడనివ్వకండి.

‘బీమా కంపెనీని అడగండి’ అంటే

ఇవి చాలావరకు గ్రూపు పాలసీలు. కార్డు ఇచ్చిన సంస్థే మాస్టర్ పాలసీదారు, అంటే అందరికీ కలిపి తీసుకున్న పాలసీ దాని పేరునే ఉంటుంది. మీరు అందులో ఒక సభ్యులు. కాబట్టి బీమా కంపెనీని అడిగితే, మిమ్మల్ని చేర్చింది బ్యాంకు గనుక బ్యాంకునే అడగమంటుంది. ఈ తిప్పుడులో నెలలు గడిచిపోతాయి. ఫిర్యాదు ఒకటే రాసి ఇద్దరికీ ఒకే రోజు పంపండి. ఒకరి జవాబు కోసం మరొకరిని ఆపవద్దు. అమ్మకం, సమ్మతి, కార్డు నుంచి కోత బ్యాంకు బాధ్యతలు గనుక అవి రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ వైపు సాగుతాయి. పాలసీ షరతులు, సర్టిఫికెట్టు, ప్రీమియం వాపసు బీమా కంపెనీవి. అక్కడ నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోయినా బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాం వాసులకు ఆ కార్యాలయం హైదరాబాదు లక్డీకాపూల్‌లో ఉంది. దానికన్నా ముందు ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో గానీ, 155255 నంబరులో గానీ నమోదు చేస్తే కంపెనీ కదలిక త్వరగా వస్తుంది.

‘ఇన్నాళ్లూ కట్టి ఊరుకున్నారు’ అంటే

ఈ అభ్యంతరం కొంత బరువైనదే. స్టేట్‌మెంటు ప్రతి నెలా ఈమెయిలుకు వస్తుంది కాబట్టి మీకు తెలియదనడం కష్టం. కానీ ఊరుకోవడం స్పష్టమైన సమ్మతి కిందికి రాదు. ఆటో డెబిట్‌లో మొత్తం బిల్లు పోయేదనో, స్టేట్‌మెంటులో ఆ గీతకు బీమా అని తెలిసే పేరు లేదనో ఉన్నదున్నట్టు రాయండి. పేరు ‘షీల్డ్’, ‘ప్రొటెక్ట్’ అని మాత్రమే ఉంటే ఆ పేజీ నకలు పెట్టండి. చాలా పాతవైన నెలలకు పూర్తి వాపసు రాకపోవచ్చని మనసులో ఉంచుకోండి.

అంబుడ్స్‌మన్ దగ్గర

బ్యాంకు తిరస్కరించినా, 30 రోజులు మౌనంగా ఉన్నా రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల పోర్టల్ సీఎంఎస్‌లో ఉచితంగా నమోదు చేయవచ్చు. కాగితం మీద పంపేవారు చండీగఢ్ సెక్టార్ 17లోని రిజర్వు బ్యాంకు కేంద్రానికి పంపాలి. 14448కు ఫోన్ చేసి తెలుగులోనే వివరాలు అడగవచ్చు. 2021 నవంబరు 12న ప్రారంభమైన సమీకృత అంబుడ్స్‌మన్ పథకంలో బ్యాంకు జవాబు అందిన నాటి నుంచి ఏడాది గడువు పెట్టారు. అయినా మీరు మూడు నెలలు దాటనివ్వకండి. కాలం గడిచేకొద్దీ రికార్డింగులు దొరకడం కష్టమవుతుంది, పథకం నియమాలూ మారుతుంటాయి. వకీలు ద్వారా పంపిన ఫిర్యాదును తీసుకోరు కాబట్టి, డబ్బు ఇస్తే రాసిపెడతామనే ఏజెంట్లతోనూ మీకు పని లేదు. బ్యాంకుకు రాసిన కొత్త ఫిర్యాదు, దాని నంబరు, జవాబు, నెలవారీ లెక్క, సర్టిఫికెట్టులోని నామినీ పేజీ, ఈ అయిదూ జతచేస్తే చాలు. బ్యాంకుకు రాయని కొత్త ఆరోపణ ఏదీ ఇక్కడ చేర్చవద్దు. దాన్ని పట్టుకునే తోసిపుచ్చుతారు.

ముందుగా బ్యాంకుకు రాయలేదన్న కారణంతో మూసేస్తే అప్పీలు కోసం వెతకకండి. ఆ లోపం సరిచేసుకుని, బ్యాంకుకు రాసి, 30 రోజులాగి, మళ్లీ నమోదు చేయండి. విచారించి తిరస్కరించిన కొన్ని రకాల నిర్ణయాలపై 30 రోజుల్లోపు అప్పీలు ఉంటుంది. ఆ సంగతి ఉత్తర్వులోనే రాసి ఉంటుంది.

అరుదైనవి

సంతకం ఫోర్జరీ, కార్డు వేరొకరి చేతిలో పడి పాలసీ చేరడం లాంటివి పోలీసు ఫిర్యాదుతో మొదలవ్వాలి. ఆ పాలసీ కింద మీరు ఇప్పటికే క్లెయిము తీసుకుని ఉంటే వాపసు అడగడంలో అర్థం లేదు. ఇదే వివాదం వినియోగదారుల కమిషన్‌లో నడుస్తూ ఉంటే అంబుడ్స్‌మన్ ముట్టుకోరు. అందుకే ముందు అంబుడ్స్‌మన్, అక్కడ న్యాయం జరగకపోతే కమిషన్ అన్న వరుస పాటించండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో వేయడానికి వివాదం తలెత్తిన నాటి నుంచి రెండేళ్ల గడువు ఉంది. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉన్న కేసులకు ఫీజు లేదు. అంబుడ్స్‌మన్ దగ్గర గడిచే నెలలను ఆ రెండేళ్లలోనే లెక్కవేసుకుని, ఆఖరు తేదీని ఫైలు అట్ట మీద రాసి పెట్టుకోండి.