రిల్కే చూసినట్టు శిల్పాన్ని చూసి రాయడం

కవి రైనర్ మరియా రిల్కే 1902లో పారిస్ వెళ్లింది ఫ్రెంచ్ శిల్పి రోడిన్ శిల్పాల మీద పుస్తకం రాయడానికి. మరుసటి ఏడు వచ్చిన ఆ పుస్తకంలో ఆయన భావంతో మొదలుపెట్టలేదు, ఉపరితలాన్ని పట్టుకున్నాడు. వెలుతురు శిల్పాన్ని తాకే చోట్లు లెక్కలేనన్ని, ఏ రెండూ ఒకలా ఉండవు. ముందు ఉపరితలం, తర్వాతే భావం: రాసేవాళ్లకు ఈ వరుసే మేలు.

ముందు పేరు పలక చదవకండి. చుట్టూ ఎనిమిది చోట్ల ఆగండి, ఒక్కోచోట కనీసం రెండు నిమిషాలు. వెలుగు ఎక్కడ తెగి నీడ మొదలైందో, ఏ కండ బిగిసిందో, ఏది వదులైందో ఒక్కో వాక్యం రాసుకోండి. "విషాదంగా" అని రాయాలనిపిస్తే ఆగి, "ఎడమ భుజం దిగింది" అని రాయండి. ఫొటో చూసి రాస్తే ఒకే కోణం, ఒకే వెలుతురు దొరుకుతాయి. చాలా వ్యాఖ్యానాలు చప్పగా ఉండేది అందుకే. వీలైతే మరో పూట మళ్లీ వెళ్లండి.

తర్వాత ఆ భంగిమను మీ ఒంటితో పట్టండి. రోడిన్ 'ఆలోచనాపరుడు' కుడి మోచెయ్యి ఆనించింది ఎడమ తొడ మీద. కూర్చుని అలా పెట్టి చూడండి: నడుము మెలిపడుతుంది, కాసేపటికే వీపు లాగుతుంది. కాలివేళ్లు కూడా రాతిని పట్టుకునే ఉన్నాయి. ఆలోచించడం ఒళ్లంతా చేసే కష్టమన్న మాట ఇక్కణ్ణుంచి పుట్టాలి, పేరులోంచి కాదు.

రోడిన్ మరో శిల్పం 'నడిచే మనిషి'కి తలా చేతులూ లేవు. ఎక్కువమంది తడబడేది ఇక్కడే: లేని తలను ఊహించుకుని జాలిపడతారు. రిల్కే దృష్టిలో ఇలాంటి శిల్పానికి ఏ కొరతా లేదు. కాళ్లు చూడండి. నడిచేవాడి వెనక మడమ లేవాలి, ఇక్కడ రెండు పాదాలూ నేలనంటే ఉన్నాయి. అడుగు మొదలూ చివరా ఒకే దేహంలో ఉన్నాయి. కాలం గురించి రాయదలిస్తే ఇంతకు మించిన ఆధారం అక్కర్లేదు.

రాసేటప్పుడు తాత్పర్యాన్ని వీలైనంత వెనక్కి నెట్టండి. గ్రీకు దేవుడు అపోలో తలలేని మొండెం శిల్పం మీద రిల్కే 1908లో ప్రచురించిన కవిత 14 పాదాలు. రాతి మెరుపు, రొమ్ము వంపు, భుజాల కిందికి జారిన కాంతి దాటాకే, ఆఖరి పాదంలో చదువరిని బతుకు మార్చుకోమంటాడు.

మీ చిత్తుప్రతిలో భావం చెప్పే ప్రతి వాక్యం దగ్గరా ఆగి, దాన్ని శిల్పంలో ఏ భాగం మోస్తోందో వేలు పెట్టి చూపండి. చూపలేకపోతే కొట్టేయండి.