వానలకు ముందే ఖాళీ చేయాల్సిన తొట్టి: లీచెట్ రిజెక్టు విషయంలో జాగ్రత్తలు

మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోని జవహర్‌నగర్ డంపింగ్ యార్డులో చెత్తగుట్ట గుండా ఇంకిన వాన నీరు నల్లటి లీచెట్‌గా దిగివచ్చి, దిగువనున్న మల్కారం చెరువును ఏళ్ల తరబడి పాడుచేసింది. తర్వాత అక్కడ గుట్టపై కప్పు వేశారు, లీచెట్ శుద్ధి కేంద్రమూ కట్టారు. ఇలాంటి కేంద్రాల నుంచి బయటికొచ్చే తేటనీటిని అందరూ చూస్తారు కానీ, ఆర్‌వో యంత్రం రెండో పైపు నుంచి వచ్చే చిక్కని రిజెక్టును పట్టించుకునేవారు తక్కువ. రుతుపవనాలు తెలంగాణకు సాధారణంగా జూన్ రెండో వారానికల్లా చేరతాయి కాబట్టి, దాని సంగతి మే నెలలోనే తేల్చుకోవాలి.

ఆర్‌వో పొరలు కాలుష్యాన్ని నాశనం చేయవు, ఒకచోటికి చేరుస్తాయి. వంద లీటర్ల లీచెట్‌ను శుద్ధిచేసినప్పుడు పాతిక లీటర్ల రిజెక్టు మిగిలితే, లవణాలు, అమ్మోనియా, కుళ్లని సేంద్రియ పదార్థాలు దాదాపు నాలుగింతల చిక్కదనంతో అందులోనే ఉంటాయి. శుద్ధిచేసిన లీచెట్‌లో కరిగిన లవణాలు లీటరుకు 2,100 మిల్లీగ్రాములు మించరాదని 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు చెప్పాయి. రిజెక్టులో అవి పదుల వేలల్లో ఉంటాయి. దీన్ని దుమ్ము అణచడానికి రోడ్లపై చల్లడం, మురుగునీటి శుద్ధి కేంద్రానికి ట్యాంకర్లలో పంపడం పరిష్కారాలు కావు, ఎందుకంటే అక్కడి బ్యాక్టీరియా ఈ లవణాలను తొలగించలేదు.

మొదట రిజెక్టును నిల్వ చేసే తొట్టి చూడాలి. హెక్టారు విస్తీర్ణంలో 10 సెంటీమీటర్ల వాన పడితే 10 లక్షల లీటర్ల నీరు చేరుతుంది. 2020 అక్టోబరు 13న ఇదే జిల్లాలోని ఘట్‌కేసర్‌లో ఒక్కరోజులో 30 సెంటీమీటర్లకు పైగా కురిసింది. పైకప్పు లేని తొట్టి అంచుదాకా నిండి ఉన్నప్పుడు అలాంటి రాత్రి వస్తే, మోటార్లతో తోడిపోయడానికి సమయం చాలదు. రిజెక్టును ఎండబెట్టే చెరువులకు మే నెల ఎండే అసలు బలం కాబట్టి ఆ నెలలో వాటిని అడుగంటించి, అప్పుడు బయటపడే పాలిథిలిన్ పొరపై చీలికలను, అతుకులను పరీక్షించి బాగుచేయించాలి. బయటి వాన నీరు లోపలికి రాకుండా చుట్టూ తవ్విన కాలువల పూడిక కూడా అప్పుడే తీయించాలి.

అన్నిటికన్నా ఎక్కువగా హెచ్చరించాల్సింది రిజెక్టును తిరిగి చెత్తగుట్టపైకి ఎక్కించే అలవాటు గురించి. ఖర్చు తక్కువని చాలాచోట్ల ఈ దారి పట్టారు. కానీ లవణాలు గుట్టలో కుళ్లి మాయమయ్యేవి కావు. అవి మళ్లీ లీచెట్‌లోకే దిగివస్తాయి, లీచెట్ ఉప్పదనం ఏటికేడు పెరుగుతుంది, ఆర్‌వో పొరలపై ఒత్తిడి పెరిగి తేటనీరు తగ్గుతుంది, రిజెక్టు ఇంకా ఎక్కువవుతుంది. వానాకాలంలో దీనికి మరో ప్రమాదం తోడవుతుంది: అప్పటికే నీటితో బరువెక్కిన చెత్తలోకి ఇంకా ద్రవం ఎక్కిస్తే లోపలి పీడనం పెరిగి గుట్ట వాలు జారిపోవచ్చు. అందుకే జూన్ నుంచి వానలు వెనుదిరిగేదాకా ఈ పని పూర్తిగా ఆపాలన్నది నా గట్టి అభిప్రాయం.

రిజెక్టును మరిగించి నీటిని ఆవిరిచేసే యంత్రం ఉన్నచోట, మరిగించే ముందు ఆమ్లం కలిపితే అమ్మోనియా ఆవిరితో పోకుండా ద్రవంలో నిలుస్తుంది. చివర మిగిలే మిశ్రమ లవణాలను ఆరుబయట కుప్పపోయకూడదు. అవి చెమ్మగాలికే నీరు లాగి మళ్లీ ద్రవమవుతాయి. గట్టి సంచుల్లో, రేకుల కప్పు కింద, గచ్చుమీద ఉంచి, ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలి. తెలంగాణలో దుండిగల్‌లోనూ, ఆంధ్రప్రదేశ్‌లో విశాఖ సమీపంలోని పరవాడలోనూ అలాంటి కేంద్రాలు ఉన్నాయి.

ఆ ఆమ్లం దగ్గరే మనిషి ప్రాణానికి ముప్పు. సల్ఫైడ్లున్న లీచెట్‌లో ఆమ్లం పడితే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు లేస్తుంది. అది గాలికన్నా బరువైనది కనుక గుంతల్లో నిలిచి ఉంటుంది. మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి కుళ్లిన గుడ్ల వాసన తెలియకుండాపోతుంది కాబట్టి, వాసన రావడం లేదంటే వాయువు లేదని అనుకోవద్దు. గ్యాస్ మీటరుతో కొలవకుండా, బయట తాడు పట్టుకుని ఒకరు నిలబడకుండా, శ్వాస పరికరం లేకుండా ఎవరినీ తొట్టిలోకి దింపవద్దు. లోపల ఎవరైనా పడిపోతే వట్టిచేతులతో వెనకే దిగవద్దు. ఇలాంటి ప్రమాదాల్లో కాపాడబోయిన వారు కూడా ప్రాణాలు కోల్పోతుంటారు.

యార్డుకు ఎగువన ఒకటి, దిగువన కనీసం రెండు బోర్ల నీటిలో క్లోరైడ్లను, కరిగిన లవణాలను మే చివర కొలిచి రాసిపెట్టాలి. అప్పుడే ఆగస్టులో వచ్చే అంకెలను పోల్చి చూడవచ్చు. రిజెక్టు ట్యాంకరు బయలుదేరిన బరువు, దిగిన చోట తూచిన బరువు ఒకే రిజిస్టరులో పక్కపక్కనే ఉండాలి. తేడా వస్తే మరో ట్యాంకరును పంపే ముందు కారణం తెలుసుకోవాలి.