మెదడు పరిశోధన లెక్కపెట్టుడు, 4వ పాఠం: 2014 కాడ ఆగుదాం

పోయిన పాఠంల మన తెలంగాణ జిల్లాల నుంచి మెదడు, నరాల జబ్బుల మీద ఎన్ని పరిశోధన పేపర్లు వచ్చినయో పబ్‌మెడ్‌ల (వైద్య పరిశోధన పేపర్ల ఆన్‌లైన్ జాబితా) వెతికి ఏడాదివారీగ గ్రాఫు గియ్యమన్న గదా, పంపినోళ్లల్ల ఎక్కువ మందిది ఒక్క తీరే ఉంది. 2013 దాక నేలకు అతుక్కొని ఉంటది, 2014 నుంచి తాటిచెట్టు లెక్క లేస్తది. ఒక తమ్ముడు దాని కింద "రాష్ట్రం వచ్చినంక పరిశోధన పెరిగింది" అని రాసిండు. పెరిగి ఉండొచ్చు, కానీ ఈ గ్రాఫు ఆ మాట చెప్పదు. అడ్రసు కాడ ఏం టైప్ చెయ్యాల్నో నేను సరిగ్గ చెప్పలే, తప్పు నాదే, అందుకే ఇయ్యాల చెప్పాల్సిన హెచ్-ఇండెక్స్ (ఒకరి పేపర్లను వేరేటోళ్లు ఎంత ఉటంకించిండ్రో చూసే కొలత) పక్కకు పెడుతున్న.

మీరు అఫిలియేషన్‌ల, అంటే రచయిత పనిచేసే చోటు అడ్రసుల, "తెలంగాణ" అని కొట్టిండ్రు. రాష్ట్రం ఏర్పడ్డది 2014 జూన్ 2న. అంతకుముందు వరంగల్ ఎంజీఎం దవాఖాన్ల పేషెంట్లను చూసి రాసిన పేపరైనా అడ్రసు లైను "కాకతీయ మెడికల్ కాలేజ్, వరంగల్, ఆంధ్రప్రదేశ్, ఇండియా" అనే ఉంటది. ఆ కాలేజీ 1959 నుంచి ఉంది, మీ గ్రాఫుల మాత్రం 2014ల పుట్టింది.

ఇది పట్టుకున్నోళ్లు ఒకరిద్దరున్నరు, మెచ్చుకుంటున్న, కానీ "వరంగల్" అని వెతికినా 2014 కాడ మెట్టు కనవడుతనే ఉంది అని అడిగిండ్రు. అసలు గుంత అక్కడుంది. 2013 దాక పబ్‌మెడ్ రికార్డుల మొదటి రచయిత అడ్రసు ఒక్కటే ఎక్కించేటోళ్లు. 2014 నుంచి రచయితలందరి అడ్రసులు ఎక్కుతున్నయి. ఇప్పుడు ఒక పేపరు అనుకోండి, 2011ల వచ్చింది, టీబీ మెనింజైటిస్ (మెదడు పొరలకొచ్చే టీబీ) మీద. బెంగళూరు నిమ్హాన్స్ (మెదడు, మనసు జబ్బుల పెద్ద దవాఖాన) డాక్టరు మొదటి పేరు, మన వరంగల్ డాక్టరు నాలుగో పేరు, పేషెంట్లల్ల సగం మంది మనోళ్లే. వరంగల్ అని వెతికితే అది రాదు. అదే పేపరు 2016ల వచ్చి ఉంటే వస్తది. పని అదే, మనిషి అదే, లెక్కల మాత్రం ఒకటి సున్నా, ఒకటి ఒకటి. నిమ్హాన్స్‌కు దీంతోని పెద్ద నష్టం లేదు, మొదటి పేరు వాళ్లదే ఉంటది గదా. నడిమిట్ల పేరుండే చిన్న ఊళ్ల డాక్టర్లే మాయమైతరు. వెనుకబడ్డ ప్రాంతాల పరిశోధన ఎంత అని ఏ దేశపోళ్లు లెక్కవెట్టినా పబ్‌మెడ్ అడ్రసుల మీద ఆధారపడితే ఇదే గుంతల పడతరు. నాకు ఇది మస్తు బాధనిపిస్తది, పని చేసినోళ్లు చెయ్యనట్టు అయితరు.

మరి ఏం చెయ్యాలె? రాష్ట్రం పేరు తీసెయ్యండి. ఊళ్ల పేర్లు, కాలేజీల పేర్లు ఆర్ (OR) పెట్టి కలపండి, హన్మకొండకు హనుమకొండ, హనంకొండ స్పెల్లింగులన్నీ వెయ్యండి. నేనైతే పిన్‌కోడ్ కూడ వేస్త, 5060 రాసి పక్కన స్టార్ పెడితే (స్టార్ ముందు అక్షరాలో అంకెలో నాలుగన్నా ఉండాలె) 506002, 506004, 506007 అన్నీ వస్తయి, ఇండియా అని జోడిస్తే చెత్త తగ్గుతది. పిన్‌కోడ్ రాయని పేపర్లు తప్పిపోతయి కాబట్టి ఇది ఒక్కటే నమ్ముకోవద్దు. 2014 ముందు, తర్వాత పోల్చాలంటే మాత్రం రెండు దిక్కులా మొదటి రచయిత అడ్రసే లెక్కవెట్టండి. పబ్‌మెడ్‌ల దానికి బటన్ లేదు, రికార్డులు దించుకొని కంటితోని చూసుడే.

మెష్ హెడింగ్ (పేపరు దేని మీదనో చెప్పేటందుకు పెట్టే విషయం పేరు) సంగతి వివరంగ చెప్పను, అది మీకొచ్చు, కాకపోతే "న్యూరోసైన్సెస్" అనేది ఆ శాస్త్రం పేరుకు పెట్టిన హెడింగు, పక్షవాతం, మూర్ఛ పేపర్లు దాని కింద దొరకవు, "నర్వస్ సిస్టమ్ డిసీజెస్" కూడ పెట్టాలె.

ఇంకొకటి, ఒకామె పేపర్లను జనాభాతోని భాగించింది, మంచిదే, కానీ పైన తెలంగాణ పేపర్లు, కింద 2011 జనాభా లెక్కల ఉమ్మడి రాష్ట్రం 8.46 కోట్లు. మన జిల్లాలది సుమారు 3.5 కోట్లు. అక్కా, మళ్ల చెయ్యండి.

ప్రాక్టీసు: కరీంనగర్ తీసుకోండి, 2008 నుంచి 2019 దాక. దొరికిన ప్రతి పేపరు అడ్రసు లైను చదివి మూడు గడులు నింపండి: మొదటి పేరు మనదా, నడిమిట్ల ఉందా, రాష్ట్రం ఏమని రాసిండ్రు. ఒక ఆదివారం పూర్తిగ పడతది. గ్రాఫు ఇప్పుడే గియ్యకండి, ముందు ఆ షీటు పంపండి.