ఇంగ్లీషులో ‘చాలా’ ఎక్కడ, ‘మరీ’ ఎక్కడ?

దసరా వెళ్లిన మంగళవారం, విజయనగరంలో సిరిమాను సంబరం. మూడులాంతర్ల దగ్గర నిలబడి మా మేనల్లుడు విదేశంలో ఉన్న తన మేనేజరమ్మకి వీడియో కాల్‌లో గొప్పగా చెప్పాడు: ‘టూ మెనీ పీపుల్ హియర్!’ ఆవిడ, ‘అయ్యో, మరి ఇంటికి వెళ్లిపోతున్నావా?’ అంది. వాడు తెల్లముఖం వేశాడు. తప్పు జనానిది కాదు, ‘టూ’ది.

కాబట్టి మొదట చేయాల్సిన పని, నోటి దాకా వచ్చిన మాటను తెలుగులో ఒకసారి అనుకోవడం. మనసులో ‘చాలా’ వస్తే వెరీ, రియల్లీ. ‘మరీ’ వస్తే టూ. ‘టీ చాలా వేడిగా ఉంది’ అంటే హాయిగా తాగొచ్చు, ‘మరీ వేడిగా ఉంది’ అంటే నోరు కాలుతుంది. ‘టీ ఈజ్ వెరీ హాట్’, ‘టీ ఈజ్ టూ హాట్’ మధ్య తేడా దాదాపు అదే. ‘యూ ఆర్ టూ కైండ్’ లాంటి మర్యాద మాటలున్నాయి కానీ, వాటి జోలికి ఇప్పుడే వద్దు.

‘ఎంత జనమంటే, కాలు కదపలేకపోయాం’ అనాలనుకుంటే సో, దట్ జంట పట్టుకోండి: ‘ఇట్ వజ్ సో క్రౌడెడ్ దట్ వుయ్ కుడ్ నాట్ మూవ్.’ మా వాడు చెప్పాల్సింది ఇదే.

తర్వాత, వెరీ పక్కన ఏముందో చూడండి. క్రియ ఉంటే కుదరదు. ‘ఐ వెరీ లైక్ పలాస జీడిపప్పు’ కాదు, ‘ఐ రియల్లీ లైక్’ అనాలి, లేదా చివర్లో ‘వెరీ మచ్’ పెట్టాలి. ‘వెరీ బెటర్’ కూడా లేదు, ‘మచ్ బెటర్’ అనండి. ఇక ఎక్సలెంట్, హ్యూజ్, ఫ్రీజింగ్ లాంటివి వాటంతట అవే శిఖరం మీదున్న మాటలు. తెలుగులో ‘చాలా అద్భుతం’ అన్నా ఎవరూ ఏమీ అనరు గానీ, ఇంగ్లీషులో ‘వెరీ ఎక్సలెంట్’ చెవికి గుచ్చుకుంటుంది. అక్కడ ‘అబ్సల్యూట్‌లీ’ పెట్టండి.

నాకు అన్నింటికంటే ఇష్టమైనది జంట మాటల సంగతి. మనం చిమ్మచీకటి అంటాం, చిమ్మ ఎండ అనం. ఎండకి మండుటెండ ఉంది. ఎందుకూ అంటే జవాబు లేదు, అలవాటు. ఇంగ్లీషుకీ అదే జబ్బు. చిమ్మచీకటి అయితే ‘పిచ్ డార్క్’. సరికొత్త పొందూరు ఖద్దరు చొక్కా ‘బ్రాండ్ న్యూ’. గాఢ నిద్రలో ఉన్నవాడు ‘ఫాస్ట్ అస్లీప్’. వాన్లో తడిసి ముద్దయితే ‘సోకింగ్ వెట్’. ‘హాట్ హాట్ ఇడ్లీ’ అంటే మన దేశంలో అర్థమవుతుంది, బయటివాళ్లకి ‘పైపింగ్ హాట్’ అనండి. వీటిని సూత్రంతో పట్టలేం. రోజుకి రెండు జంటలు నోట్సులో రాసుకుని, ఆ రోజే ఎవరితోనైనా వాడేయాలి.

‘క్వైట్’తో మాత్రం జాగ్రత్త. అమెరికావాళ్ల నోట ‘క్వైట్ గుడ్’ సాధారణంగా మెచ్చుకోలు, బ్రిటన్‌లో చాలాసార్లు ‘పర్లేదు’ అన్నంతే. బాస్ ఏ దేశస్థుడో తెలిశాకే సంతోషపడండి.

చివరగా, రాసిన మెయిల్లో వెరీలు లెక్కపెట్టండి. నాలుగు లైన్లలో మూడుంటే రెండు కొట్టేయండి. మా మేనల్లుడు మొన్న సెలవు అడుగుతూ ‘వెరీ వెరీ అర్జెంట్’ అని రాశాడు. నేను రెండూ తీసేసి ‘మా చెల్లి పెళ్లి, శుక్రవారం, శ్రీకాకుళంలో’ అని చేర్పించాను. సెలవు దొరికింది.