పాయింట్లు కాదు, స్నాప్‌లు చూడండి: ఫాంటసీ ఫుట్‌బాల్‌లో ఎవరిని ఆడించాలో తేల్చుకోవడం ఎలా

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో, 2023 సీజన్ మొదటి వారంలో లాస్ ఏంజిలిస్ రామ్స్ జట్టుకి రిసీవర్ (పాస్‌లు పట్టేవాడు) కూపర్ కప్ గాయంతో దూరమయ్యాడు. ఆ లోటు పూడ్చే పని, జట్లు కొత్తవాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఐదో రౌండ్‌లో తీసుకున్న కొత్త కుర్రాడు పుకా నకువా మీద పడింది. ఆ ఒక్క మ్యాచ్‌లో అతనివైపు 15 సార్లు బంతి విసిరారు (ఇలా విసిరిన ఒక్కోసారీ ఒక టార్గెట్). 10 పట్టాడు, బంతిని 119 యార్డులు ముందుకి తీసుకెళ్లాడు, టచ్‌డౌన్ (బంతిని ప్రత్యర్థి గోల్ గీత దాటించడం) లేదు. రెండో వారం 20 సార్లు విసిరితే 15 పట్టాడు, 147 యార్డులు, మళ్లీ టచ్‌డౌన్ లేదు. మొదటి టచ్‌డౌన్ నాలుగో వారానికి గానీ రాలేదు. సీజన్ ముగిసేసరికి 105 క్యాచ్‌లు, 1,486 యార్డులు. కొత్త ఆటగాళ్లలో అప్పటికి రెండూ రికార్డులే. టచ్‌డౌన్ పడ్డాక తీసుకుందాంలే అని కూర్చున్నవాళ్లకి అతను దొరకలేదు. మొదటి వారం 15 అనే అంకె చూసి కదిలినవాళ్లకి దొరికాడు.

ఫాంటసీ క్రికెట్ ఆడినవాళ్లకి ఈ సంగతి కొత్త కాదు. టీ20లో ఓపెనర్‌కి ఇన్నింగ్స్ మొత్తం ముందుంటుంది, ఏడో నంబర్ బ్యాటర్‌కి ఒక్కోసారి పది బంతులు కూడా మిగలవు. ఎంత బాగా కొడతాడన్నది తర్వాతి మాట, ముందు బ్యాటింగ్ రావాలి కదా. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో చిక్కేమిటంటే, బ్యాటింగ్ ఆర్డర్ అంత స్పష్టంగా ఏదీ కనబడదు. జట్లు డెప్త్ చార్ట్ అని, ఎవరు ముందో ఎవరు తర్వాతో చెప్పే జాబితా ఒకటి పెడతాయి గానీ దాన్ని నమ్ముకుంటే పప్పులో కాలేసినట్టే. అసలు వరస స్నాప్‌ల లెక్కలో తేలుతుంది.

ముందు స్నాప్‌లు

సెంటర్ బంతిని వెనక్కి అందించి ఆట మొదలుపెట్టిన ప్రతిసారీ ఒక స్నాప్. ఒక జట్టు అటాక్ మ్యాచ్‌కి సుమారు 60 నుంచి 65 స్నాప్‌లు ఆడుతుంది. 64లో 48 సార్లు మైదానంలో ఉన్నవాడి వాటా 75 శాతం. మ్యాచ్ తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్ విడుదల చేసే గేమ్‌బుక్ చివర్లో ప్రతి ఆటగాడి స్నాప్‌లూ శాతాలూ ఉంటాయి. ప్రో ఫుట్‌బాల్ రిఫరెన్స్ సైట్‌లోనూ అవే అంకెలు ఉచితంగా దొరుకుతాయి.

మీ జట్టులో ఉన్నవాళ్లకీ, తీసుకోవాలనుకుంటున్నవాళ్లకీ గత మూడు వారాల శాతాలు పక్కపక్కన రాసుకోండి. ఒక వారం అంకె కన్నా అది ఎటు కదులుతోందన్నదే ముఖ్యం. 38, 51, 64 అని ఎక్కుతున్న కుర్రాడు, 80, 71, 58 అని దిగుతున్న పేరున్న ఆటగాడికన్నా మీ సీజన్‌కి ఎక్కువ పనికొస్తాడు. మూడో వారం పాయింట్లలో పేరున్నవాడే ముందున్నా సరే.

దీనికి కైరెన్ విలియమ్స్‌కన్నా మంచి ఉదాహరణ లేదు. అదీ 2023 రామ్స్ జట్టే, అదే మొదటి వారం. రన్నింగ్ బ్యాక్ క్యామ్ ఏకర్స్ 22 సార్లు బంతి పట్టుకుని పరిగెత్తాడు, వచ్చింది 29 యార్డులు. విలియమ్స్ 15 సార్లు పరిగెత్తి 52 యార్డులు, రెండు టచ్‌డౌన్లు తెచ్చాడు. పరుగుల సంఖ్య చూస్తే ముందున్నది ఏకర్స్. స్నాప్‌లు చూస్తే మాత్రం విలియమ్స్ చాలా ముందున్నాడు. అంటే పాస్ ఆడే సమయాల్లోనూ, మ్యాచ్ ఎటూ తేలని దశలోనూ కోచ్ అతన్నే నమ్మాడు. రెండో వారం ఏకర్స్‌ని అసలు ఆడించలేదు, ఆ తర్వాత మిన్నెసోటాకి పంపేశారు. విలియమ్స్ ఆ ఏడాది 12 మ్యాచ్‌ల్లోనే 1,144 యార్డులు పరిగెత్తాడు.

రన్నింగ్ బ్యాక్: ఒక టార్గెట్ రెండున్నర పరుగులతో సమానం

క్యాచ్‌కి ఒక పాయింట్ ఇచ్చే లీగ్‌ని పీపీఆర్ అంటారు. పది యార్డులకి ఒక పాయింట్, టచ్‌డౌన్‌కి ఆరు. ఈ లెక్కన ఒక పరుగు విలువెంతో మీరే వేసి చూడండి. సగటున నాలుగు యార్డుల పైచిలుకు వస్తుంది, అంటే 0.4 పాయింటు. అప్పుడప్పుడు వచ్చే టచ్‌డౌన్లు కలిపితే 0.6 దగ్గర తేలుతుంది. అదే రన్నింగ్ బ్యాక్ వైపు బంతి విసిరితే నాలుగింట మూడుసార్లు పడతాడు, ఆరు యార్డుల దాకా వస్తాయి. క్యాచ్ పాయింటూ యార్డులూ, అప్పుడప్పుడు వచ్చే టచ్‌డౌన్లూ కలిపితే ఒకటిన్నర దగ్గర తేలుతుంది. అందుకే 15 పరుగులు, సున్నా టార్గెట్లు ఉన్నవాడికి 9 పాయింట్లు ఆశించాలి, 10 పరుగులు, 5 టార్గెట్లు ఉన్నవాడికి 13 పైన. ఇద్దరూ బంతి ముట్టుకునే అవకాశాలు పదిహేనే. క్యాచ్‌కి అర పాయింటే ఇచ్చే లీగ్‌లో ఈ తేడా తగ్గుతుంది, అసలేమీ ఇవ్వని లీగ్‌లో ఇంకా తగ్గుతుంది. కాబట్టి డ్రాఫ్ట్‌కి (సీజన్ ముందు మీ లీగ్‌లో ఆటగాళ్లని ఎంచుకునే రోజుకి) ముందే మీ లీగ్ రూల్స్ తెరిచి చూసుకోండి.

రెండు వైపులా నిండుగా ఉంటే ఏమవుతుందో 2019లో కరొలైనా పాంథర్స్‌కి ఆడిన క్రిస్టియన్ మెకాఫ్రీ చూపించాడు. 287 పరుగులు, 116 క్యాచ్‌లు, పరుగుల్లో 1,387 యార్డులు, క్యాచ్‌ల్లో 1,005. అతను మైదానం వదిలి బయటికి వచ్చిందే తక్కువ.

చాలా జట్లలో ఇప్పుడు ఆ పనిని ముగ్గురు పంచుకుంటున్నారు. మొదటి రెండు డౌన్లలో (పది యార్డులు దాటడానికి దక్కే నాలుగు ప్రయత్నాల్లో ఒక్కోటి ఒక డౌన్) పరిగెత్తేవాడు ఒకడు. మూడో డౌన్‌లోనూ, అర్ధభాగం చివరి రెండు నిమిషాల్లోనూ పాస్ అందుకునేవాడు ఇంకొకడు. గోల్ గీతకి ఐదు యార్డుల లోపల బంతి అందుకునేవాడు మరొకడు. మీవాడికి ఈ మూడింటిలో ఏవి ఉన్నాయో విడివిడిగా రాసుకోండి. మూడూ ఉంటే కళ్లు మూసుకుని ఆడించవచ్చు. రెండుంటే చాలా వారాలు ఆడించవచ్చు. మొదటిది ఒక్కటే ఉంటే, జట్టు గెలుస్తుందని గట్టిగా నమ్మిన వారాల్లోనే దించండి. జట్టు రెండు టచ్‌డౌన్లు వెనకబడగానే పరుగులు ఆగిపోతాయి, పాస్ అందుకునేవాడే మైదానంలో మిగులుతాడు.

గోల్ గీత దగ్గరి పని విషయంలో జనం ఎక్కువగా తప్పు లెక్క వేస్తారు. ఆ పని చాలాసార్లు ఆటగాడి వెంట వెళ్లదు, జట్టు దగ్గరే ఉండిపోతుంది. 2022లో డెట్రాయిట్‌కి ఆడిన జమాల్ విలియమ్స్ పరుగుల్లో 17 టచ్‌డౌన్లు చేసి లీగ్‌లోనే మొదటి స్థానంలో నిలిచాడు. తర్వాతి ఏడాది న్యూ ఆర్లీన్స్‌కి వెళ్లి ఒక్కటే చేశాడు. డెట్రాయిట్‌లో ఆ కుర్చీలో కూర్చున్న డేవిడ్ మాంట్‌గొమరీకి 13 వచ్చాయి. అదే కథని డిఆండ్రే స్విఫ్ట్ వైపు నుంచి చూడండి. 2022లో డెట్రాయిట్‌లో జమాల్ పక్కన ఆడి పరుగుల్లో ఐదు టచ్‌డౌన్లు చేశాడు. 2023లో ఫిలడెల్ఫియాకి మారి 1,049 యార్డులు పరిగెత్తాడు, పని రెట్టింపు దాటింది. అయినా టచ్‌డౌన్లు ఐదే, ఎందుకంటే అక్కడ గీత దగ్గరికి రాగానే క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసిరేవాడు) జేలెన్ హర్ట్స్ చేతిలోనే బంతి ఉంచి, అతన్ని వెనక నుంచి తోసేవారు. హర్ట్స్‌కి ఆ ఏడాది 15 వచ్చాయి. కొత్త జట్టుకి మారిన రన్నింగ్ బ్యాక్‌ని డ్రాఫ్ట్ చేసేముందు, పోయిన ఏడాది ఆ జట్టులో ఐదు యార్డుల లోపల బంతి ఎవరి చేతికి వెళ్లిందో చూడాలి.

రిసీవర్లకి స్నాప్ కన్నా రూట్ ముఖ్యం

వైడ్ రిసీవర్ (పాస్‌లు పట్టడమే ముఖ్యమైన పని), టైట్ ఎండ్ (పాస్‌లు పడుతూ ప్రత్యర్థుల్ని కూడా అడ్డుకునేవాడు) పాయింట్లు తేవాలంటే పాస్ ఆడే సమయంలో మైదానంలో ఉండి, పాస్ కోసం పరిగెత్తాలి. ఆ పరుగే రూట్. క్వార్టర్‌బ్యాక్ పాస్‌కి దిగిన ప్రతి వంద సార్లలో వీడు ఎన్నిసార్లు రూట్ పరిగెత్తాడన్నది చూడాలి. వైడ్ రిసీవర్‌కి 85 దాటితే జట్టులో పూర్తికాల ఉద్యోగం ఉన్నట్టు. 60, 65 మధ్య తిరుగుతుంటే ముగ్గురు రిసీవర్లు దిగినప్పుడే ఆడుతున్నాడని అర్థం.

టైట్ ఎండ్‌ల దగ్గర స్నాప్ శాతం బాగా మోసం చేస్తుంది. 85 శాతం స్నాప్‌లు ఆడినవాడు అందులో సగం అడ్డుకునే పనిలోనే గడిపి ఉండవచ్చు, ఆ పనికి ఫాంటసీలో పైసా రాదు. టైట్ ఎండ్‌కి రూట్లు 75 శాతం దాటకపోతే పక్కన పెట్టేయండి.

తర్వాత టార్గెట్ వాటా. జట్టు 34 సార్లు పాస్ విసిరితే 9 మీవాడి వైపు వచ్చాయనుకోండి, 26 శాతం. 20 దాటితే ఆడించదగ్గవాడు, 25 దాటి నిలకడగా ఉంటే తొలి వరస ఆటగాడు. అయితే వాటా ఒక్కటే చూసి సంబరపడకూడదు, కుండలో ఎంత ఉందో కూడా చూడాలి. 24 పాస్‌లే విసిరే జట్టులో 25 శాతమంటే ఆరు టార్గెట్లు. 40 విసిరే జట్టులో పది. 2022లో అట్లాంటాలో టైట్ ఎండ్ కైల్ పిట్స్ సంగతి ఇదే. ప్రతిభలో అతనికి తిరుగులేదు, కానీ జట్టు పరుగుల మీదే బతికింది. గాయమయ్యేలోపు ఆడిన 10 మ్యాచ్‌ల్లో 28 క్యాచ్‌లు, 356 యార్డులు.

ఎయిర్ యార్డులు కూడా చూడండి, అంటే మీవాడికోసం విసిరిన బంతులు గాల్లో మొత్తం ఎంత దూరం వెళ్లాయన్నది. పట్టకపోయినా లెక్కలోకి వస్తుంది. టార్గెట్లు, ఎయిర్ యార్డులు రెండూ నిండుగా ఉండి రెండు వారాలుగా పాయింట్లు రానివాడిని, విసిగిపోయి ఉన్న లీగ్ మిత్రుడి దగ్గర్నుంచి ట్రేడ్ అడగడానికి అదే మంచి అదను.

ఎక్కడ బోల్తా పడతారు

ఒక్క పెద్ద రాత్రి చూసి. 2022 జనవరి 23న కాన్సస్ సిటీ మీద ప్లేఆఫ్‌లో బఫలో రిసీవర్ గేబ్ డేవిస్ 8 క్యాచ్‌లు, 201 యార్డులు, 4 టచ్‌డౌన్లు చేశాడు. ఆ వేసవి డ్రాఫ్ట్‌ల్లో అతని ధర ఎగబాకింది. తర్వాతి సీజన్ మొత్తమ్మీద 48 క్యాచ్‌లే వచ్చాయి. స్నాప్‌లు నిండుగానే ఉన్నాయి, లోటల్లా పట్టిన క్యాచ్‌ల దగ్గరే.

ఏకపక్షంగా ముగిసిన మ్యాచ్ అంకెలు చూసి. నాలుగో క్వార్టర్‌లో 28 పాయింట్లు ముందున్న జట్టు అసలువాళ్లని బయట కూర్చోబెడుతుంది. అసలువాడి 52 శాతం చూసి బెంగపడక్కర్లేదు, అదనపు ఆటగాడి 11 పరుగులు చూసి మురిసిపోనక్కర్లేదు. మూడో క్వార్టర్ చివరిదాకా లెక్క విడిగా తీసుకోండి. మ్యాచ్ మధ్యలో గాయపడి వెళ్లినవాడి శాతమూ అంతే, ఆ వారాన్ని పట్టికలోంచి కొట్టేయాలి.

మైదానానికి తిరిగొచ్చిన మొదటి వారమే దించి. ఇంజ్యూర్డ్ రిజర్వ్ అనే గాయపడ్డవాళ్ల జాబితాలో పెట్టినవాడు కనీసం నాలుగు మ్యాచ్‌లు ఆడకూడదు. ప్రాక్టీస్ మొదలుపెట్టాక జట్టు అతన్ని 21 రోజుల్లోగా ఆడేవాళ్ల జాబితాలోకి తీసుకోవాలి. ఆ జాబితాలోకి వచ్చాడంటే పూర్తి పని దొరికిందని కాదు. కండరాల గాయం నుంచి వచ్చినవాడికి తొలి వారం సగం స్నాప్‌లకన్నా ఎక్కువ ఆశించవద్దు. మీ జట్టులో వేరే ఆటగాడు ఉంటే ఒక వారం బెంచి మీదే ఉంచండి.

వారం ఎలా నడపాలి

మంగళవారం స్నాప్‌లు, రూట్లు, టార్గెట్లు రాసుకోండి. చాలా లీగ్‌ల్లో వేవర్లు (ఎవరి జట్టులోనూ లేని ఆటగాళ్ల కోసం వేసే బిడ్‌లు) అమెరికాలో బుధవారం తెల్లవారుజామున తేలతాయి, కాబట్టి బిడ్ మంగళవారం రాత్రికే పడాలి. సీజన్‌కి 100 డాలర్ల ఉత్తుత్తి బడ్జెట్ ఉండే లీగ్‌లో, మొదటి మూడు వారాల్లో ఒక రన్నింగ్ బ్యాక్‌కి పైన చెప్పిన మూడు పనుల్లో రెండు కొత్తగా దక్కితే 30 నుంచి 40 పెట్టడానికి వెనకాడవద్దు. పదో వారంలో దొరికిన ఆటగాడు ఏడెనిమిది మ్యాచ్‌లకే పనికొస్తాడు, మొదటివారంలో దొరికినవాడు పదహారింటికి. లాంగ్ టచ్‌డౌన్ ఒక్కటి కొట్టి 30 శాతం స్నాప్‌లు ఆడినవాడికి మాత్రం రెండు మూడు చాలు.

బుధ, గురు, శుక్రవారాల్లో ప్రాక్టీస్ రిపోర్టులు వస్తాయి. బుధవారం ప్రాక్టీస్ చేయలేదంటే విశ్రాంతి కావచ్చు. శుక్రవారం చేయలేదంటేనే భయపడాలి. శుక్రవారం పూర్తిగా చేసినవాడి పేరు పక్కన క్వశ్చనబుల్ అని ఉన్నా దాదాపుగా ఆడతాడు. డౌట్‌ఫుల్ అంటే లేడనే అనుకోండి.

మ్యాచ్‌కి 90 నిమిషాల ముందు ఆడనివాళ్ల జాబితా వస్తుంది. న్యూయార్క్‌లో ఆదివారం ఒంటిగంట మ్యాచ్‌లకి అది పదకొండున్నరకి, డాలస్‌లో పదిన్నరకి. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఆడేవాళ్లకి రాత్రి తొమ్మిదికి వస్తుంది, మ్యాచ్ పదిన్నరకి. నవంబర్ మొదటి ఆదివారం అమెరికా గడియారం వెనక్కి జరుగుతుంది, అక్కడి నుంచి ఇక్కడ అన్నీ గంట ఆలస్యం. రెండో విడత మ్యాచ్‌ల జాబితా అర్ధరాత్రి దాటాక వస్తుంది కాబట్టి, ఇండియాలో ఉండి మేలుకోలేనివాళ్లు ఆ విడతలో అనుమానం ఉన్న ఆటగాడిని దించకపోవడమే మేలు.

ఫ్లెక్స్ స్లాట్‌లో (రన్నింగ్ బ్యాక్, రిసీవర్, టైట్ ఎండ్‌లలో ఎవరినైనా పెట్టగల చోటు) ఎప్పుడూ ఆఖరున ఆడేవాడినే పెట్టండి. గురువారం ఆడే రిసీవర్‌ని రిసీవర్ స్లాట్‌లోనే వేయాలి. అతన్ని ఫ్లెక్స్‌లో పెడితే అది గురువారమే లాక్ అయిపోతుంది. ఆదివారం మరో రిసీవర్ చివరి నిమిషంలో ఆగిపోతే ఆ చోట రన్నింగ్ బ్యాక్‌ని దించే దారి ఉండదు.

సీజన్ చివర్లో ఈ లెక్కలన్నీ తలకిందులవుతాయి. ప్లేఆఫ్ స్థానం ఖాయమైన జట్లు 18వ వారం చాలాసార్లు ముఖ్యుల్ని ఆడించవు, ఆడించినా ఒక క్వార్టర్‌తో సరిపెడతాయి. మీ లీగ్ ఫైనల్ 18వ వారంలో ఉంటే డ్రాఫ్ట్‌కి ముందే కమిషనర్‌తో (మీ లీగ్ నడిపేవాడితో) మాట్లాడి 17కి మార్పించండి. మార్చకపోతే, ఆఖరి వారానికల్లా ఇంకా స్థానం కోసం పోరాడుతున్న జట్ల ఆటగాళ్లని 15వ వారం నుంచే బెంచి మీద పోగేసుకోవాలి.