ఎన్-1 మోడల్ చెయ్యాలంటే అడుగు నుంచి మొదలుపెట్టండి

సైన్స్ ఫేర్ అనగానే అందరూ అమెరికా వాళ్ళ చంద్రుడి రాకెట్ శాటర్న్-5 చేస్తారు. అది నిట్టనిలువు గొట్టం, సులువు. నేను మా తొమ్మిదో తరగతి వాళ్ళ చేత సోవియట్ల ఎన్-1 రాకెట్ చేయిస్తాను. చంద్రుడి కోసం కట్టారు. 1969 నుంచి 1972 దాకా నాలుగుసార్లు వదిలారు, నాలుగుసార్లూ మొదటి దశ పని పూర్తికాకుండానే పోయింది.

అసలుది 105 మీటర్ల ఎత్తు, అడుగున సుమారు 17 మీటర్ల వెడల్పు. 200వ వంతుకి దించితే 52.5 సెం.మీ., 8.5 సెం.మీ.

ముందు అట్టలో 8.5 సెం.మీ. వెడల్పు బిళ్ళ కోయండి. దాని మీద 3.7 సెం.మీ. వ్యాసార్ధంతో వృత్తం గీసి, కోణమాపకంతో 15 డిగ్రీలకొక చుక్క పెడితే 24 వస్తాయి. లోపల చిన్న వృత్తం మీద 60 డిగ్రీలకొకటి చొప్పున ఆరు. జ్యూస్ స్ట్రాలను సెంటీమీటరు ముక్కలుగా కోస్తే అవే 30 ఇంజన్లు. ఫెవికాల్ పెట్టకముందు ఒకసారి పేర్చి చూడండి. నిరుడు నేను తొందరపడి అతికించేస్తే బయటి వరుసలో 23 మాత్రమే పట్టాయి, అన్నీ పీకాల్సొచ్చింది. సోవియట్లకీ 30 ఇంజన్లను కలిపి నేలమీద మండించి చూసే స్టాండు లేదు. ఈ రాకెట్‌కి వాడిన ఎన్‌కే-15 ఇంజన్‌ను ఒకసారి మండిస్తే మళ్ళీ వాడటానికి లేదు. అందుకని ఆరింటిలో రెండు మండించి చూసి, మిగతా నాలుగూ బాగున్నట్టే లెక్కేసి బిగించేవారు!

బయటి వరుసకి 1 నుంచి 24 దాకా నంబర్లు వెయ్యండి. 8కి ఎరుపు, 18కి ఆకుపచ్చ. 1969 జులై 3న సోవియట్ల ప్రయోగకేంద్రం బైకనూరులో పేలింది ఎనిమిదో ఇంజన్. ఒక ఇంజన్ చెడితే దాని ఎదుటిదాన్ని కూడా ఆపి తూకం నిలపాల్సిన కోర్డ్ అనే యంత్రాంగం, ఆ రాత్రి 18వది తప్ప అన్నిటినీ ఆపేసింది. ఆ ఒక్కటీ తోస్తుంటే రాకెట్ ఒరిగి, లేచిన వేదిక మీదే పడింది. అపోలో-11 బయల్దేరింది ఆ తర్వాత 13 రోజులకే.

ఇక ఒళ్ళు. చార్టు మీద దారంతో ఒకే కేంద్రం నుంచి 46.6, 16.4 సెం.మీ. చాపాలు గీసి, 33 డిగ్రీల ముక్క కోయండి, అతికించడానికి అంచు వదలండి. చుడితే తల తెగిన శంకువు వస్తుంది. లోపలి ట్యాంకులు బంతుల్లాంటివి, పైకెళ్ళేకొద్దీ చిన్నవి, అందుకే ఆ ఆకారం. పైన 3 సెం.మీ. వెడల్పు గొట్టం, కొసన అగరువత్తి పుల్ల.

1974లో పని ఆపేశాక మిగిలిన ట్యాంకుల ముక్కలను బైకనూరులో షెడ్లకి కప్పులుగా వాడుకున్నారు. మా నిరుటి శంకువు ల్యాబులో పరీక్షనాళికల స్టాండు మీద, దుమ్ము పడకుండా, బోర్లించి ఉంది.